మోటుపల్లి యభయశాసనము – భగ్ననౌకాధనము

అహోబిలమున నరసింహస్వామికి హారతి యిచ్చు కర్పూరము నల్లమలలో బుట్టినది కాదు. ఆళ్లగడ్డనుండి యా క్షేత్రమునకు బోవు త్రోవలో నడవి యెంత దట్టముగా నున్నను అందు కర్పూరవృక్షము కానరాదు. పూర్వకాలమున నా పదార్థము తూర్పుదీవులనుండియు, చీనాదేశమునుండియు నోడలకెక్కి, నెలల తరబడి నీటిపై నడచి, తీరమున సుంకము చెల్లించి, పిదప పెరికెద్దులమీద లోనాడు చేరవలసినదే. పగడము, చీనాపట్టు మున్నగు వస్తువుల కథయు నించుమించుగా నిదియే. నంద్యాల సీమ సముద్రమునకు దూరమైనదే కాని సముద్రపు లాభనష్టములకు దూరమైనది కాదు. నడిసముద్రమున నొక యోడ పగిలినచో నా నష్టము హారతిపళ్లెము వఱకును వచ్చెడిది.

ఈ సంబంధమును సాహిత్యచరిత్రయు జూపుచున్నది. అహోబిలస్వామి కంకితముగా నృసింహపురాణమును రచించిన యెఱ్ఱాప్రగడ, హరివంశమును ప్రోలయ వేమారెడ్డి కంకిత మొసగెను. అహోబిల శ్రీశైలములకు సోపానములు గట్టించిన కీర్తి యా వేమారెడ్డిది. ఆతని కుమారుడగు అనపోతారెడ్డి శక 1280వ సంవత్సరమున, అనగా క్రీ. శ. 1358లో, మోటుపల్లి రేవునకు వచ్చు వర్తకులకొఱకు శాసనము వేయించెను. తండ్రి కొండ నెక్కువారికి మెట్లు గట్టించెను. కుమారుడు కడలి దాటివచ్చువారికి మాట యిచ్చెను. అహోబిలమును జదువుకొన్నవారు మోటుపల్లినిగూడ జదువుకొనుట యిందువలన నుచితము.

మోటుపల్లి యిప్పుడు బాపట్ల జిల్లాలో చినగంజామునకు జేరువనున్న చిన్న గ్రామము. మార్కోపోలో 'ముత్ఫిలి' యని పేర్కొన్న రేవు ఇదియే యని పండితుల నిర్ణయము. అనపోతారెడ్డికంటె నూఱేండ్లకు మించిన పూర్వమే యచ్చటి వీరభద్రాలయమున నొక స్తంభముపై కాకతీయ గణపతిదేవుడు అభయశాసనమును జెక్కించెను. దాని కాలము శక 1166, అనగా క్రీ. శ. 1244-45. హుల్ట్‌ష్ పండితుడు దానిని 'ఎపిగ్రాఫియా ఇండికా' 12వ సంపుటమున బ్రకటించెను. నాటినుండి ఆంధ్రుల నౌకావ్యాపారమును గూర్చి వ్రాసినవారందఱును దానిని స్మరించుచునే యున్నారు. అయినను వారిలో బెక్కండ్రు దానిని సుంకముల పట్టికగా జదివిరి. మఱికొందఱు రాజు దయకు దార్కాణముగా జదివిరి. ఈ రెండును తప్పులు కావు. కాని శాసనమునకు గారణమైన విషయము సుంకమును గాదు, దయయును గాదు, పగిలిన యోడ. ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన సొమ్ము ఎవ్వరిది యను ప్రశ్నమునకు రాజొకడు ఱాతిపై వ్రాయించిన యుత్తరముగా దానిని జదివిననే దాని యథార్థమైన విలువ తెలియగలదు.

శాసనములోని విషయమును సంగ్రహించిన నిట్లుండును. సకలద్వీపములకును, దేశాంతరములకును, పట్టణములకును బోవుచు వచ్చుచు నుండు సాంయాత్రికుల కిది యభయము. పూర్వరాజులు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బోవు నోడలు తుపానులచే భగ్నములై తీరమున బడినప్పుడు వానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును బలాత్కారముగా గొనుచుండెడివారు. ప్రాణముకంటెను ధనమే గొప్పదని తలచి సముద్రయానమను మహాసాహసమున కొడిగట్టినవారికి, గణపతిదేవుడు కృపచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతమైన సుంకము దక్క తక్కినదంతయు విడిచిపెట్టుచున్నాడు. పిమ్మట నెగుమతి దిగుమతుల సుంకము ముప్పదింట నొకటి యని చెప్పి, గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడము, మిరియము, పోకలు మొదలగు సరకుల లెక్క వివరింపబడినది.

ఇందు విమర్శకుడు మొదట గమనింపదగినది పూర్వరాజుల ప్రస్తావము. శాసనములందు బూర్వులను బొగడుట యాచారము. తాతముత్తాతల విజయములు, దానములు, గుళ్లు, చెఱువులు వర్ణించి వారి పేరు నిలుపుటకే ప్రశస్తి పుట్టినది. అట్టిచోట, తనకు ముందున్న రాజులు బలిమి చేసి పరధనమును గొనిరని యొక చక్రవర్తి ఱాతిపై వ్రాయించుట సామాన్యము కాదు. ఆ రాజులు ఎవ్వరో పేర్లు చెప్పలేదు. తీరమును బూర్వ మేలిన వారి నందఱ నా మాట తాకుచున్నది. ఇది దోషము నొప్పుకొన్న వాక్యము. వర్తకులు ఈ దోషమును బాగుగా నెఱుగుదురు గనుక దానిని దాచుటవలన లాభము లేదని తెలిసి వ్రాసిన వాక్యము.

రెండవది 'అభయ' శబ్దము. భయమెవరివలన? గాలివలననా, తరంగములవలననా? వాని నాపుట కే రాజునకును శక్తి లేదు. ఇందు జెప్పబడిన భయము తీరమునుండి కలుగునది. తుపాను దాటి, ఱాళ్లకు దగిలి, పలకను బట్టుకొని యొడ్డు చేరిన వర్తకునకు, నీటికంటె నేల కఠినమై యుండెడిది. సముద్రము సగము మ్రింగినచో మిగిలిన సగమును రాజభటులు గొనెడివారు. గణపతిదేవు డిచ్చిన యభయము ఈ రెండవ నష్టమునుండి మాత్రమే. కావున నీ శాసనము తన శక్తి యెంతవఱకో యెఱిగి చేసిన ప్రతిజ్ఞ. అదియే దాని ప్రామాణికత.

మూడవది, రాజు చెప్పిన మూడు హేతువులు: కృప, కీర్తి, ధర్మము. వీనిలో లాభము లేదు. అయినను వాక్యమధ్యమున 'నియతమైన సుంకము దక్క' యను మాట యున్నది. సర్వస్వమును గొనెడి హక్కును విడిచి ముప్పదింట నొకటి నిలుపుకొన్న రాజు నష్టపడెనా? ఒకమాఱు పగిలిన యోడను దోచినచో నా యోడ మఱల రాదు; దాని కథ విన్న పది యోడలును రావు. పగిలిన యోడను విడిచినచో బగులని యోడలు నూఱు వచ్చును. ఈ లెక్క గణపతిదేవునకు దెలియదనుట పొరపాటు. అట్లని కృపాధర్మములు కేవలము వేషములనుటయు నంతే పొరపాటు. ధర్మమును లాభమును ఒకే త్రోవను నడచినప్పుడు రాజనీతి నిలకడ గలదియగును. ఆ రెండింటిలో నొకదానినే చూచువారు శాసనమును సగమే చదివినవారు.

ఈ విషయమున ధర్మశాస్త్రము చెప్పునదేమి? స్మృతులు రెండు విధములైన ధనములను వేఱుచేసినవి. ఒకటి నిధి: ఎవ్వరు దాచిరో తెలియక భూమిలో దొరకునది. రెండవది ప్రనష్టము: యజమానుడు గలిగి, యతని చేయి జాఱిపోయినది. నిధియందు రాజునకును దొరకించుకొన్నవానికిని భాగములు చెప్పబడినవి. ప్రనష్టధన మట్లు కాదు. గుర్తులు చెప్పి నిరూపించినచో నది యజమానునికే చేరవలెను. మనువు అట్టి సొమ్మును మూడేండ్లు భద్రపఱుపుమనెను. యాజ్ఞవల్క్యుడు, సుంకరులు గాని స్థానపాలకులు గాని తెచ్చియిచ్చిన నష్టధనమును సంవత్సరములోపల యజమానుడు గొనవచ్చుననియు, నా పిమ్మట నది రాజు చేరుననియు జెప్పెను. కౌటిల్యుడు మఱియు ముందునకు బోయి, గాలివాన దెబ్బతిన్న నావను నావధ్యక్షుడు తండ్రివలె నాదరింపవలె ననియు, నీట దడిసిన సరకునకు సుంకము లేకుండగానో సగము సుంకముతోనో విడువవలె ననియు విధించెను. శ్యామశాస్త్రిగారు అర్థశాస్త్రమును 1909లో బ్రకటించిన పిదప నీ విషయము పండితలోకమునకు సుపరిచితమైనది.

దీనినిబట్టి యొక యాక్షేపము పుట్టును. శాస్త్రమే యిట్లు చెప్పుచుండగా గణపతిదేవుడు క్రొత్తగా నిచ్చిన దేమి? పరుని సొమ్మును పరునికి విడుచుట దయ యెట్లగును? ఈ యాక్షేపమునకు సమాధానము దేశాచారమున నున్నది. శాస్త్రము తాళపత్రములందుండెను, తీరమున నాచార మింకొక విధముగా నుండెను. పడమటి తీరమున ఏలీ రాజ్యమును గూర్చి వ్రాయుచు మార్కోపోలో, వేఱొకచోటికి బోవలసిన యోడ యక్కడి యేటిమొగమున జేరినచో బ్రజలు దానిని దోచుకొందురనియు, దైవమే నిన్ను మాకు బంపెనని చెప్పుదురనియు వ్రాసెను. పదునాలుగవ శతాబ్ది నడుమ నిబ్న్ బతూతా, మలబారుదేశమున పగిలిన యోడల సొమ్మంతయు రాజభాండారము చేరుట యాచారమనియు, కోళిక్కోడున మాత్రము యజమానులే దానిని గొందురనియు, నందువలననే యా పట్టణము వృద్ధి పొందెననియు జెప్పెను. శాస్త్రమునకును తీరమునకును నడుమనున్న యీ యెడమును బూరించుటకే గణపతిదేవునకు ఱాయి కావలసివచ్చెను. ఆతడు క్రొత్త ధర్మమును గల్పింపలేదు. మఱచిన ధర్మమును రేవునకు దెచ్చెను. మఱియు ఇబ్న్ బతూతా కోళిక్కోడును బ్రశంసించుటకు బూర్వము దాదాపు నూఱేండ్లకే తూర్పుతీరమున నీ నీతి శాసనరూపము దాల్చినదనుట తెలుగువారు స్మరింపదగిన విషయము.

శాసనమును కావ్యములతో బోల్చువారు సాధారణముగా నభిజ్ఞానశాకుంతలమును దెత్తురు. ఆఱవ యంకమున సముద్రవ్యాపారి యగు ధనమిత్రుడు నౌకావ్యసనమున మరణించెననియు, సంతానము లేదు గనుక నాతని ధనము రాజగామియనియు మంత్రి నివేదించును. దుష్యంతుడు భార్యలలో నెవతెయైన గర్భవతియా యని విచారించి, యున్నదని తెలిసికొని, గర్భస్థశిశువే పితృధనమున కధికారి యని నిర్ణయించును. ఈ ఘట్టమును పాఠశాలలలో బోధించునప్పుడు రాజు పరధనమును విడిచెనని చెప్పి మోటుపల్లి శాసనమును ప్రక్కన నిలుపుట కద్దు. పోలిక మనోహరమే కాని సరియైనది కాదు. ధనమిత్రుని విషయమున రాజు విచారించినది మునిగిన యోడలోని సరకును గూర్చి కాదు. వర్తకుడు కూడబెట్టిన ధనరాశిని గూర్చి. ఓడ మునుగుట యచ్చట మరణమునకు మాత్రమే కారణము. ధర్మశాస్త్రపరిభాషలో నది దాయవిభాగమునకు జేరిన సమస్య. గణపతిదేవుని యెదుట నున్నది ప్రనష్టధనసమస్య.

అయినను కాళిదాసుని ఘట్టమునకు మోటుపల్లిలో సరియైన జోడు లేకపోలేదు. అది గణపతిదేవుని స్తంభమున గాక, అనపోతారెడ్డి శాసనమున నున్నది. మోటుపల్లికి గాపురము వచ్చు వర్తకులకు రెడ్డిరాజు విడిచిన వానిలో అపుత్రికము, అనగా సంతానము లేక చనిపోయినవాని సొమ్మును రాజు గొనెడి హక్కు, ఒకటి. నాటకమున నొకే వర్తకునియందు ముడివడిన నౌకాభంగము, అనపత్యత యను రెండు విపత్తులును ఆంధ్రదేశమున రెండు శాసనములందు వేఱువేఱుగ విచారింపబడినవి: 1244లో బగిలిన యోడ, 1358లో దిక్కులేని యాస్తి. దూరదేశమున నొంటిగా జనిపోవుదునేమో యను వర్తకుని రెండవ భయమును రెండవ శాసనము తీర్చినది. ఈ రెండింటిని గలిపి చదివిననే మోటుపల్లి యభయము సంపూర్ణమగును. శాకుంతలమును బోధించు పండితులు ఈ భేదమును జూపినచో విద్యార్థికి నాటకమును శాసనమును రెండును స్పష్టములగును.

తెలుగుకావ్యములలో నౌకాభంగ మెట్లున్నది? గణపతిదేవుని కాలమువాడే యగు మూలఘటిక కేతన దశకుమారచరిత్రమును దెనిగించి తిక్కన కంకిత మొసగెను. దండి చెప్పిన కథలలో రత్నోద్భవుడను వర్తకుడు కాలయవనద్వీపమున సువృత్తను బెండ్లాడి, గర్భవతియగు నామెతో దిరిగివచ్చుచుండగా నోడ మునుగును. ఆమె దాదితో గూడ నొక పలక నాధారముగా దీరము చేరి పుష్పోద్భవుని గనును. హర్షుని రత్నావళిలో సింహళరాజపుత్రి యిట్లే పలక యూతగా బ్రతికి, రత్నమాలచే గుర్తింపబడి, సాగరిక యను పేర వత్సరాజు నంతఃపురము చేరును. ఈ కథలయందు బలక మనుష్యుని దెచ్చును, సరకు నీటబోవును, దానిని గూర్చి కవి మఱల విచారింపడు. కథకు వియోగమును బునస్సమాగమమును గావలెను; అందుకు నౌకాభంగము చక్కని సాధనము. ఒడ్డుననున్న సుంకరి కథలోనికి రాడు.

కేతన విషయమున మఱియొక విశేషము గలదు. ఆతడే విజ్ఞానేశ్వరీయ మను పేర మితాక్షరను బట్టి ధర్మశాస్త్రమును దెలుగుపద్యములలో రచించెను. ఒకే కవి ఓడ మునిగిన కథను, సొమ్మునకు స్వామి యెవ్వడో నిర్ణయించు శాస్త్రమును దెనిగించెను. అదే తరమున రాజొకడు రేవున నీ రెండింటిని గలిపిన శాసనమును జెక్కించెను. ఒకటి మఱియొకదానికి గారణమని చెప్పుటకు ఆధారము లేదు. అట్లు చెప్పనక్కఱయు లేదు. పదుమూడవ శతాబ్దిలో నాంధ్రుల యాలోచనయందు సముద్రము, ధనము, స్వామ్యము అను మూడును సజీవములై యుండెననుటకు నీ సన్నివేశము చాలును.

తరువాతి కాలమున శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి కంకిత మిచ్చుచు, కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన యా వర్తకుని కుటుంబమువారు ఏయే దేశములనుండి యేయే సరకులు దెప్పించిరో వర్ణించెను. కర్పూరము, సింహళపు టేనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనాపట్టు మున్నగునవి యా వర్ణనయందు గలవు. ఆంధ్రుల విదేశవ్యాపారమునకు దీనికంటె రమ్యమైన సాక్ష్యము లేదు. కాని యది చేరిన యోడల లెక్క. చేరని యోడల లెక్క కావ్యమున లేదు. దాత కీర్తిని బాడు కవి నష్టముల జాబితా చెప్పబోడు గదా. అందుచేత హరవిలాసపీఠికను, మోటుపల్లి శాసనమును ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చదువవలెను. మొదటిదానిలోని యేనుగులు, గుఱ్ఱములు, రత్నములే రెండవదానిలో విఱిగిన కొయ్యలనడుమ నొడ్డున బడియున్నవి. సంపద యొక్క వెల యెంతో శాసనమే చెప్పినది.

నౌకాభంగధనమును గూర్చిన యీ విచారము తెలుగుతీరమునకే పరిమితము కాదు. ఉత్తర ఐరోపా సముద్రములందు బగిలిన యోడ తీరాధిపతిదే యను నాచారము చిరకాలముండెను. 1179లో లాటరన్ మహాసభ, ఓడ పగిలి దిక్కుమాలిన క్రైస్తవులను దోచువారిని మతబహిష్కృతులను జేసెను. ఇంగ్లండున 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనము, మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని యోడనుండి ప్రాణముతో బయటపడినచో నా సొమ్ము దిక్కులేని సొమ్ము కాదనియు, యజమానుడు సంవత్సరము మీద నొక దినములోపల వచ్చి నిరూపించినచో దానిని గొనవచ్చుననియు విధించెను. యాజ్ఞవల్క్యుని సంవత్సరమునకును దీనికిని గల సామ్యము గమనింపదగినది. గణపతిదేవుని శాసనము దీనికంటె ముప్పదియేండ్లు ముందటిది; అందు బ్రతికిన పిల్లి సాక్ష్య మక్కఱలేదు. అయినను ఇంగ్లీషు శాసనమున గడువును, సొమ్మును భద్రపఱచు విధమును జెప్పబడినవి. మోటుపల్లి శాసనము విడిచితి మని చెప్పి యూరకున్నది. ఔదార్యమున మోటుపల్లి మిన్న, అమలు విధానమున వెస్ట్‌మినిస్టర్ మిన్న యనుట పక్షపాతము లేని తీర్పు.

ఇటీవలి శతాబ్దములలో నా యుత్తరసముద్రములందే మునిగిన యోడలను వెదకుట యొక శాస్త్రముగా బెరిగినది. రెండుదాహరణములు చాలును. స్వీడనువారి 'వాసా' యను యుద్ధనౌక 1628లో దన తొలిప్రయాణముననే స్టాక్‌హోము రేవున మునిగెను. 1660 ప్రాంతమున గంటవంటి పరికరములో గూర్చుండి నీట దిగినవారు దానినుండి యేబదికి మించిన ఫిరంగులను దీసిరి. నాటివారికి ధనమన కంచుఫిరంగియే. ఆండర్స్ ఫ్రాన్‌జేన్ అను పరిశోధకుడు పాతదస్తావేజులను శోధించి, నీటియడుగును వెదకి, 1956లో నా యోడయున్న చోటు గనుగొనెను. 1961లో నోడయంతయు బైకి దేబడినది. అందు నావికుల బట్టలు, చెప్పులు, చెక్కపాత్రలు, పనిముట్లు, తెరచాపలు దొరకినవి. మొదటివారు విలువలేనిదని విడిచినదే రెండవవారికి మహాధనమైనది.

రెండవది డచ్చి కంపెనీవారి 'ఆకెరెండామ్'. తూర్పుదేశమునకు బయలుదేఱిన యా యోడ 1725లో నార్వే తీరమున రూండె దీవికడ మునిగి, జనులందఱు మరణించిరి. 1972లో నీట దిగినవారికి వేలకొలది వెండి బంగారు నాణెములు దొరకినవి. అవి కనుగొన్నవారికిని, నార్వే నెదర్లాండుల ప్రభుత్వములకును బంచిపెట్టబడినవి. ఈ కథ తెలుగువారికి బరాయి కాదు. ఆ కంపెనీ 1605లోనే మచిలీపట్టణము చేరి వస్త్రవ్యాపార మారంభించినది. తూర్పుదేశపు సరకులు కొనుటకే యట్టి యోడలు వెండిని మోసికొని బయలుదేఱెడివి. ఉత్తరసముద్రమున మునిగిన నాణెమునకును గోరమండలతీరపు మగ్గమునకును సంబంధము కలదు. నిధి దొరకెనను నుత్సాహమున నా మరణించినవారును, కొనవలసిన సరకును, నేయవలసిన చేయియు మఱుగుపడుచున్నవి.

ఇచ్చట స్మృతికారుల విభాగము మఱల నుపయోగించును. మునిగిన యోడను నిధి యనుకొన్నవాడు, దొరకినవానికి భాగమెంత యని యడుగును. ప్రనష్టధనమనుకొన్నవాడు, ఇది యెవ్వరిది, గుర్తులేవి యని యడుగును. మొదటి ప్రశ్నము నాణెములను లెక్కించి ముగియును. రెండవ ప్రశ్నము దస్తావేజులను, సుంకపు లెక్కలను, శాసనములను, చెక్కపాత్రపై గీచిన గుర్తునుగూడ జదివించును. రత్నావళి కంఠమందలి మాల రాజపుత్రిని గుర్తింపజేసినందువలన గదా దానికి విలువ. కరగించి తూచినచో నాటకమే లేదు. 2001లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతిసంస్థ, నీటిలో నూఱేండ్లు గడిచిన మానవావశేషములను సాంస్కృతికవారసత్వముగా నెంచి, వానిని వ్యాపారముగా జేయుటను నిషేధించు నొడంబడికను సిద్ధపఱచెను. అది 2009లో నమలులోనికి వచ్చెను. స్వామి మరణించి శతాబ్దములు గడిచిన ప్రనష్టధనమునకు సమస్తజనులును స్వాము లగుదురనుట యీ యొడంబడిక తాత్పర్యము. స్మృతికారుల ప్రశ్నమునకే యిది నవీనకాలపు టుత్తరము.

చివరకు శాసనము నెంతవఱకు నమ్మవలెనో చెప్పుట విమర్శకుని విధి. గణపతిదేవుడు దోపిడిని మాన్పెనని శాసనము చెప్పదు. మానితి మని చెప్పును. ఆతని తరువాత నెన్ని యోడలు పగిలెనో, నెందఱకు సొమ్ము దిరిగి ముట్టెనో యా ఱాయిపై లేదు. అందొక్క యోడ పేరును, ఒక్క వర్తకుని పేరును లేవు. 1323లో కాకతీయరాజ్యము కూలిన పిదప, 1358లో రెడ్డిరాజు మఱల నదే రేవున వర్తకులకు మాట యీయవలసి వచ్చెననుట, రాజ్యము మాఱినప్పుడు పాతమాట చాలదని తెలుపుచున్నది. అభయము ఒకమాఱు చెక్కి మఱచునది కాదు. ఏలువారు మాఱినప్పుడెల్ల మఱల నీయవలసినది. అయినను, ఒక దుష్టాచారము దుష్టాచారమని బహిరంగముగా వ్రాయబడిన దినమునుండి దానిని ధర్మమని చెప్పువానికి నోరాడదు. శాసనము సాధించిన దంతమాత్రమే యైనను నది యల్పము కాదు.

ఆంధ్రదేశచరిత్రను బోధించువారు గణపతిదేవుని దండయాత్రలను విస్తరించి, మోటుపల్లి నొక్క వాక్యమున ముగించుట పరిపాటి. ఆ వాక్యమున 'సుంకములు తగ్గించెను' అని యుండును. దానికి బదులుగా 'పగిలిన యోడ సొమ్ము దాని యజమానునిదే యని యొప్పుకొనెను' అని చెప్పినచో బాలుడు ఎవరి సొమ్ము, ఎందుకు పగిలినది, అంతకుముందు ఎవరు గొనిరి అని యడుగును. ఆ ప్రశ్నలనుండి శాస్త్రమునకును, కావ్యమునకును, దేశాంతరచరిత్రకును ద్రోవ తెఱచుకొనును. ఆళ్లగడ్డ బడిలోని బాలుడు సముద్రమును జూచియుండకపోవచ్చును. అహోబిలమున హారతి కన్నుల కద్దుకొన్న ప్రతివాడును పూర్వము దానిని మోసితెచ్చినవారికి ఋణపడినవాడే. వారిలో నొడ్డు చేరనివారును గలరు. వారిని గూర్చి తెలుగునేలపై నిలిచిన మాట యా వీరభద్రాలయస్తంభమున నున్నది. దానిని సుంకపుబట్టికగా గాక, తీరమున నిలిచి పగిలిన యోడను జూచిన యొక రాజు వాక్యముగా బండితులు చదువుదురు గాక.